పొడుం కాని నలుపు

మా అత్తగారికి షుగరు. ఆపైన ముక్కుపొడుం అలవాటు. మొదటిది తగ్గదు, రెండోది ఆవిడ మానరు.

తొంభైల మొదట్లో మేం రేపల్లెలో కాపురమున్నప్పటి మాట. నేను బాపట్లలో పుట్టింటికి వెళ్ళి వచ్చేసరికి ఆవిడ ఎడమ బుగ్గ వాచి ఉంది. కంటి కింద పోటు, విపరీతమైన తలనొప్పి. పన్నేమోనని లవంగం పెట్టుకున్నారట, జలుబేమోనని ఆవిరి పట్టుకున్నారట. చీదిన గుడ్డ మీద నల్లటి మరకలు చూసి మా ఆయన విసుక్కున్నారు.

"మళ్ళీ పొడుం పీల్చావా అమ్మా? వద్దంటే వినవేంటి?"

"లేదురా, ఒట్టు. ముక్కు దిబ్బడేసిన కాణ్ణించి ముట్టుకోలేదు."

"నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు!"

నాకు మనసొప్పలేదు. వెళ్ళి ఆవిడ గూట్లో చూశాను. పాత డబ్బా ఖాళీ. కొత్తదాని మూత చుట్టూ అతికించిన కాగితం కూడా చిరగలేదు. మరి ఈ నలుపేంటి? పన్ను దగ్గర్నించేమోనని, "నోరు తెరవండి అత్తయ్యా" అన్నాను. అంగిట్లో నల్లటి మచ్చ కనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి తీసుకుని తెనాలి పాసింజరు ఎక్కాం. అది ప్రతి స్టేషన్లో ఆగుతుంటే, దిగి తోసేద్దామన్నంత కోపం వచ్చింది నాకు. ఆవిడేమో ఎడమవైపు కొంగు అడ్డం పెట్టుకుని, "కంగారు పడకే అమ్మాయ్" అంటారు. కంగారు పడక ఏం చెయ్యను?

తెనాలిలో ముక్కు డాక్టరుగారు లైటు వేసి చూశారు.

"ఇది మామూలు సైనస్ కాదమ్మా. బూజు. షుగరు అదుపు తప్పినవాళ్ళకి ముక్కు లోపల పట్టి ఎముకని తినేస్తుంది. మెదడుకి పాకితే మన చేతుల్లో ఉండదు. ఇవాళే గుంటూరు తీసుకెళ్ళండి."

గుంటూరులో సర్జన్ తేల్చి చెప్పేశారు. చచ్చిన ఎముకతో పాటు ఎడమ కన్నూ తీసెయ్యాలి, అప్పటికీ బతుకుతారని హామీ ఇవ్వలేమన్నారు. మా ఆయన మంచం పట్టె పట్టుకుని భోరుమన్నారు. ఆ మాట ఆవిడతో ఎవరు చెప్పాలి? చెప్పే అవసరమూ లేకపోయింది, ఆవిడ అన్నీ వింటూనే ఉన్నారు.

"తీసెయ్యమనరా," అన్నారు. "నిన్నట్నించీ దాంతో ఏమీ కనపడట్లేదు. చెబితే మీరు హడలిపోతారని ఊరుకున్నా."

నాకు ఏడుపుకన్నా ముందు కోపం ముంచుకొచ్చింది. కన్ను పోయింది, ప్రాణం దక్కింది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా "నాకేం, బానే ఉన్నా" అంటే చాలు, ఒళ్ళు మండిపోతుంది.