డ్రమ్ములో కసవు

ఆ రోజుల్లో మదనపల్లెలో బ్యాండుసెట్టు కోటు తొడుక్కుంటే చాలు, పిల్లనిచ్చేవాళ్లు ఇంటిముందు వరస కడతారని నా నమ్మకం. (కోటు బ్యాండుది, లోపలి చొక్కా మాత్రం నాదే.) రామసముద్రం మామకు ఆ నమ్మకం లేదు. "నీ వాయింపు ఇన్నాకనే నా బిడ్డ మాటప్పా" అని, పుంగనూరులో నేను మొదటిసారి పెద్ద డ్రమ్ము మోయబోయే పెండ్లికి తానే బయలుదేరి వచ్చేశాడు.

ఊరేగింపుకు ముందు డ్రమ్ము కొట్టి చూస్తే చుట్టూ బోల్టులు గలగలమన్నాయి. మా ఉస్తాదు క్లారినెట్టు నోటి నుంచి కాస్త జరిపి "కస్వావ్, కస్వావ్!" అన్నాడు. ఆయనది ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాది నిమ్మనపల్లె మెట్టపొలాల తెలుగు. మా వైపు కసవంటే గడ్డి. గలగల ఆగాలంటే లోపల గడ్డి కుక్కాలి కాబోలు, ఏం తెలివయ్యా ఈయనది అనుకున్నాను. "శానానా అన్నా?" అని అడిగితే "పూరా!" అన్నాడు. బోల్టులు విప్పి, ఒకవైపు తోలు తీసి, బండెద్దుల ముందున్న పచ్చికసవు పూరాగా కుక్కి, వేళ్లతోనే బోల్టులు తిప్పి మూసేశాను. బరువుకు జారిపోతుందేమోనని తువ్వాలుతో డ్రమ్మును పొట్టకు బిర్రుగా కట్టుకున్నాను కూడా.

ఊరేగింపు కదిలింది. చేయెత్తి ఒక్కటి వేశాను. "బుస్" అంది. మామ చెవిని డ్రమ్ము దగ్గరికి తెచ్చి విన్నాడు. కోపంకొద్దీ ఇంకా గట్టిగా వేస్తే, తోలు సందులోంచి గడ్డి బయటికొచ్చింది. వెనకనున్న పెండ్లిబండి ఎద్దు తన మేతను గుర్తుపట్టి, పక్కకొచ్చి పట్టుకుని లాగింది. నేనొకవైపు, బండి ఒకవైపు, కుప్పం నుంచి వచ్చిన పెండ్లికొడుకు తలపాగా ఇంకోవైపు.

"కస్వావ్ అంటే బిగించమని నాయనా! ఈడ గడ్డి యాల?" అని ఉస్తాదు నెత్తి కొట్టుకున్నాడు. గడ్డి దులిపి, బోల్టులు ఒకదానికెదురు ఒకటిగా బిగించి, తువ్వాలు ఊడబీకి, నా భుజం మీది తోలు వారుకు వేలాడదీసి "డ్రమ్ము యాలాడల్ల. కరుసుకుంటే పలకదు" అన్నాడు. ఈసారి ఢామ్మని వీధి కొసదాకా మోగింది. అయినా మామ ముఖం చూసే ధైర్యం లేక నేను ఎద్దు ముఖమే చూస్తూ నిలబడ్డాను.

మామ దగ్గరికొచ్చి, నా కోటు మీది గడ్డిపోచ తీసేసి, "డ్రమ్ములో గూడా మేత దాపెట్టినోడు నా బిడ్డను పస్తు పెట్టడులే" అన్నాడు.

ఇప్పుడు కోటూ లేదు, డ్రమ్మూ లేదు, చెవుడొచ్చింది. మామ కూతురు వంటింట్లోంచి ఏదో అడుగుతుంది, ఏమడిగిందో తెలియకుండానే నేను "పూరా" అంటాను. "ఏం బావా, కసవు ఇబ్బుడు సెవుల్లో కుక్కుకున్యావా?" అని ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు మాత్రం నాకు బాగానే వినిపిస్తుంది.