పసుపు కాళ్ళ పరుగు

ఆ రోజుల్లో చిల్కానగర్‌లో ఆడపిల్ల పరుగెత్తిందంటే నల్లా నీళ్ళైనా వచ్చి ఉండాలి, కుక్కైనా వెంటపడి ఉండాలి. ఆ రెండూ లేకుండా, ఒక గీత దగ్గర మొదలుపెట్టి మళ్ళీ ఆ గీత దగ్గరికే వచ్చి ఆగడానికి పరుగెత్తే పిల్లను మా వీధివాళ్ళు మా ఆడబిడ్డ రూపంలోనే మొదటిసారి చూశారు. ఎక్కడికీ పోనిదానికి ఇంత ఆయాసమెందుకని నేనూ ఒకసారి అడిగాను. "చెప్తే నీకు సమజ్ కాదు వదినా" అంది. (నిజమే. సమజ్ కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.) ఆ పిల్లే ఇప్పుడు నాచారంలో ఒక మందుల కంపెనీకి పెద్ద మేడమ్. ఆమె లిఫ్టులోంచి బయటికి వస్తే వెనకాల ఫైళ్ళు పట్టుకున్న మగవాళ్ళు సగం నడుస్తూ సగం ఉరుకుతూ వస్తారు. వాళ్ళను చూసినప్పుడల్లా నాకు మా డప్పులవాళ్ళే గుర్తొస్తారు. ఎందుకో చెప్తాను.

మా ఆడబిడ్డను ఇంట్లో పిట్ట అనేవాళ్ళం. పేరు వినగానే ఎగిరే పిల్ల అనుకుంటారు గానీ, చిన్నప్పుడు ఆమెకు నడకే రాలేదట. ఈడు పిల్లలంతా వీధిలో తిరుగుతుంటే తను గడప దగ్గర కూర్చుని కిచకిచమని మాట్లాడుతూ ఉండేదట, అందుకు ఆ పేరు. అప్పుడు మా అత్తమ్మ పోచమ్మ తల్లికి మొక్కింది: "దీని కాళ్ళు నిలబెట్టు తల్లీ, బతికినన్ని దినాలు ఏటేటా దీని నెత్తిమీదనే నీకు బోనమెత్తిస్త." తల్లి కాళ్ళు నిలబెట్టింది. నిలబెట్టి ఊరుకోలేదు, మరీ ఎక్కువ దయ చూపించింది. నేను కోడలిగా వచ్చేనాటికి పిట్ట కాలేజీలో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్ల. ప్రతి రోజూ పొద్దున్నే ఆమెను గ్రౌండుకు తీసుకుపోయి తీసుకురావడం నా పని. "ఆడిపిల్ల ఒక్కతె పోవద్దు, నువ్వు ఎంబడి పో" అంది అత్తమ్మ. ఎంబడి పొమ్మంటే ఎంబడే పోవాలి కాబోలనుకుని మొదటిరోజు నేనూ చీర ఎగ్గట్టి, చేతిలో మంచినీళ్ళ చెంబుతో గ్రౌండు చుట్టూ ఆమె వెనక ఉరికాను. ఒక మలుపు తిరిగేసరికి చెంబులో నీళ్ళు లేవు, నాలో ఊపిరి లేదు. పీటీ సారు వచ్చి, "అమ్మా, మీరు గీ చెట్టుకింద కూసోండ్రి, మా పిల్లలు మిమ్మల్ని జూసి నవ్వుకుంట ఉరుకుడు మర్చిపోతున్నరు" అని చేతులు జోడించాడు.

పిట్టకు పరుగు కంటే కెమిస్ట్రీ ఇష్టం. ఎమ్మెస్సీ చదవాలని, మందులు కనిపెట్టే లాబులో పనిచేయాలని ఆశ. కానీ మార్కులు సీటుకు చాలేలా లేవు. యూనివర్సిటీ పరుగు టీములో ఉంటే ఆటల కోటాలో సీటు వచ్చే దారి ఉందని పీటీ సారు చెప్పాడు. టీములో ఉన్న ఖాళీ ఒక్కటే, ఎంపిక పందెంలో మొదట వచ్చిన పిల్లకే అది. మా ఇంటాయన నాచారం ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెల్లెలికి సీటొస్తే చదివిస్తానన్నాడు, రాకపోతే తన ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పెట్టిస్తానన్నాడు. అందుకే ఆ పందెం కోసం పిట్ట ఏడాదంతా ఉరికింది. తీరా తారీఖు వచ్చాక చూస్తే, అది మా బోనాల ఆదివారం. పదకొండింటికి పందెం. తార్నాక అవతల గ్రౌండు.

అత్తమ్మకు చెప్పే ధైర్యం ఎవరికుంది? మా ఇంటాయన, "అమ్మా, ఈసారి బోనం మీ కోడలు ఎత్తుకుంటే ఏమైతది?" అని మెల్లగా అడిగిచూశాడు. "మొక్కింది దీని కాళ్ళకా, కోడలి కాళ్ళకా?" అంది అత్తమ్మ, బియ్యం చెరుగుతూ తల కూడా ఎత్తకుండా. ఇక మేము ముగ్గురమూ కలిసి ఒక ఉపాయం ఆలోచించాం. బోనం తొమ్మిదింటికి బయల్దేరుతుంది, పదింటికల్లా గుడి. గుడి వెనక సందులో స్కూటరుతో మా ఇంటాయన. బోనం దించగానే పిట్ట స్కూటరెక్కాలి. పందెం బూట్లు నా దగ్గర ఉండాలి. సంచీ పట్టుకుంటే అత్తమ్మ ఏముందని అడుగుతుందని, వాటిని చీర కుచ్చిళ్ళ వెనక బొడ్డు దగ్గర దోపుకున్నాను. (ఆ బూట్లకు అడుగున మేకులుంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. నడుస్తుంటే తెలిసింది.) అత్తమ్మ నన్ను ఒకసారి కిందికీ మీదికీ చూసి, "ఏందే, పొట్ట గంత ముందలికి వచ్చింది?" అంది. "పొద్దుగాల చద్దన్నం జర ఎక్కువ తిన్న అత్తమ్మా" అన్నాను. ఆమె వేపరెమ్మలు తెంపడానికి పోయింది.

ఉపాయమంతా బాగానే ఉంది, డప్పులవాళ్ళు తప్ప. వాళ్ళు పక్క కాలనీలో ఒప్పుకున్న బోనాలు పూర్తిచేసుకుని, దారిలో కల్లు తాగి, మా గుమ్మం ముందుకు వచ్చేసరికి పది కావస్తోంది. పిట్ట ముఖానికి పసుపు, పాదాలకు పసుపు, నెత్తిన సున్నం బొట్ల కొత్త కుండ, దానికి వేపరెమ్మలు, పైన గురిగిలో, అంటే చిన్న మట్టి ముంతలో, దీపం. నెత్తిన బోనముంటే నడిచే నడక ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాలుగు అడుగులకొక గుమ్మం, గుమ్మం గుమ్మానికీ ఎవరో బిందెడు నీళ్ళు తెచ్చి కాళ్ళమీద పోయడం, మొక్కడం, డప్పుకు ఊపొస్తే అక్కడే నిలబడి ఎగరడం. మామూలు రోజయితే అదే అందం. ఆ రోజు పిట్ట నా వైపు చూసిన చూపులో కెమిస్ట్రీ అంతా ఆవిరైపోతోంది.

వీధి చివర కిరాణా దుకాణం దగ్గర ఆమె అడుగు పెంచింది. నేనూ పెంచాను, మేకులూ గుచ్చుకోవడం పెంచాయి. డప్పు పెద్దాయన, "అక్కా, జర నిమ్మలంగ, దెబ్బ కలుస్తలేదు" అన్నాడు. పిట్ట ఇంకా పెంచింది. ముందున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే దాటుతోంది, నెత్తిమీద కుండ మాత్రం గుడిలో పెట్టినట్టే ఉంది. జనం గుసగుసలాడటం మొదలుపెట్టారు. ఎదురుగా మేకలు, తాళాలు వాయించేవాళ్ళు, పిల్లలు, దారంతా కిక్కిరిసి ఉంది. ఇక ఆగిపోవలసిందే అనుకున్నాను. అప్పుడు నా వెనకనుంచి అత్తమ్మ గొంతు ఖంగుమంది: "అమ్మోరొచ్చింది, దారియ్యున్రి. నా బిడ్డ మీదికి తల్లి వచ్చింది, జరుగున్రి."

అంతే, గుంపు రెండుగా చీలింది. డప్పులవాళ్ళు కల్లు సంగతి మరిచి పరుగందుకున్నారు, దెబ్బ కూడా ఉరుకులాటలో పడింది. పిట్ట నిజంగానే ఉరికింది. నెత్తిన బోనం, చేతిలో వేపకొమ్మ, వెనక నిమ్మకాయలతో అత్తమ్మ, ఆ వెనక పొట్ట పట్టుకుని నేను. దారి పక్కన ఒక ముసలమ్మ చేతులు జోడించి, "తల్లీ, ఈ యేడు వానలు పడతయా?" అని అడిగింది. "జరుగు అవ్వా, టైం అయితుంది" అంది పిట్ట. "విన్నరా, వానకు టైం అయిందంట" అని ముసలమ్మ పక్కవాళ్ళకు చెప్పింది. ఇంకెవరో కొడుక్కు నౌకరి దొరుకుతుందా అని అడిగారు. "నాకే తెల్వది" అంది పిట్ట. (ఆ కొడుకు తర్వాత ఆర్టీసీలో కండక్టరయ్యాడు. వాళ్ళమ్మ చాలాకాలం మా ఇంటికి ఏటా కొబ్బరికాయ పంపేది.)

బోనం దించారు. గురిగిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. పిట్ట గుడి చుట్టూ తిరుగుతూ, ఆ తిరగడంలోనే వెనక సందులోకి మాయమైంది. స్కూటరు మీద ముందు మా ఇంటాయన, మధ్యలో ఆమె, ఆమె వెనక నేను. హబ్సిగూడ దాటేలోపు చీర కింద ముందే తొడుక్కున్న నిక్కరు బయటపడింది, చీర నా ఒళ్ళోకి వచ్చింది, బూట్లు నా పొట్టనుంచి ఆమె కాళ్ళకు వెళ్ళాలి. అక్కడొచ్చింది చిక్కు. వీధివీధినా పోసిన నీళ్ళకు పాదాలు ఉబ్బి, ఆ మీద తడి పసుపు జిగట. బూటు ఒక్కటీ ఎక్కలేదు. గ్రౌండుకు చేరేసరికి పిల్లలందరూ గీత మీద వంగి నిలబడ్డారు. పీటీ సారు పిట్ట ముఖాన్ని, పసుపును, బొట్టును, కాళ్ళను చూసి, "గిదేం వేషమమ్మా" అన్నాడు. పిట్ట బూట్లు నా చేతిలో పడేసి, ఉత్త కాళ్ళతో పోయి గీత మీద నిలబడింది.

పందెం రెండు చుట్లు. అందరి రొమ్ము మీదా అంకెలున్నాయి గానీ అప్పటికి నాకు అంకెలు కూడా చదవడం రాదు. దూరంనుంచి ఎవరు ఎవరో తెలియలేదు. పసుపు కాళ్ళను చూస్తూ కూర్చున్నాను. మొదటి చుట్టులో ఆ కాళ్ళు నాలుగో చోటున ఉన్నాయి. రెండో చుట్టు సగానికి మూడు. నాకు తెలియకుండానే ఒడిలో ఉన్న బూట్లను ఒకదానికొకటి డప్పులా కొట్టడం మొదలుపెట్టాను, అదే దెబ్బ, మా వీధిలో మోగిందే. వినబడిందో లేదో తెలియదు. చివరి మలుపులో పసుపు కాళ్ళు తెల్ల బూట్లను దాటాయి, తర్వాత నల్ల బూట్లను దాటాయి, ఆ తర్వాత ముందర ఇక ఏ బూట్లూ లేవు. ఓడిన పిల్ల ఒకామె ఆయాసపడుతూ, "ఆమె ముఖం చూస్తే భయమైంది సార్" అని చెప్పిందట. పీటీ సారు మాత్రం నా దగ్గరికి వచ్చి, "ఇగ రోజూ మీరు ఎంబడి ఉరికినా నేనేమనను" అన్నాడు.

ఆ తర్వాతదంతా అందరికీ తెలిసిన పిట్ట కథ. టీము, సీటు, లాబు, డాక్టరేటు, నాచారం కంపెనీలో సైంటిస్టు. మొదటి జీతం వచ్చిన ఆదివారం ఆమె నన్ను ఉప్పల్ చౌరస్తాకు తీసుకుపోయి, బస్టాపులో కూర్చోబెట్టి, వచ్చే ప్రతి బస్సు బోర్డునూ చదివించడం మొదలుపెట్టింది. మీరంతా పలక మీద నేర్చుకున్న అక్షరాలు నేను బస్సుల నుదుటి మీద నేర్చుకున్నాను. అందుకే ఇప్పటికీ కాస్త వేగంగా చదువుతాను, బస్సు ఆగదు గదా.

పిట్టను లాబుకు హెడ్‌గా చేసి, ఇంటికి కంపెనీ కారు పంపిన రోజు అత్తమ్మ జబ్బుపడి మంచం మీదే ఉంది. కారు వెళ్ళిపోయాక నేను ఉండబట్టలేక, ఆ బోనాల నాటి ఉపాయమంతా చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. "మేకుల బూట్లు పొట్టకు కట్టుకొని అడుగడుక్కు మొకం ముడుస్తుంటివి. చద్దన్నం తింటే ఎవలన్న గట్ల ముడుస్తరా?" అంది. నేను మంచం దగ్గరికి జరిగాను. "మరి అమ్మోరొచ్చిందని ఎందుకన్నవు అత్తమ్మా?"

"గట్లనకుంటే గా గుంపు దారిస్తదా? నా బిడ్డ పందెంకు పోకుంట తొవ్వలనే నిలవడిపోవాల్నా?" మళ్ళీ తనే అంది, "అయినా రాలేదని నేనెప్పుడన్న అన్ననా? గంత ఉరికితే గురిగిల దీపం ఆరలే. గది దాని కెమిస్ట్రీల ఉందేమో పిట్టను అడుగు."

అడిగాను. కెమిస్ట్రీలో లేదని చెప్పింది పిట్ట.

అత్తమ్మ పోయింది గానీ మొక్కు ఉంది. పిట్ట కంపెనీ మొత్తానికీ పెద్దయ్యాక వచ్చిన మొదటి బోనాలు ఈ ఏడే. ఆ ఆదివారం ఎవరు ఏ మీటింగు పెట్టినా ఆమె రాదని కంపెనీలో అందరికీ తెలుసు. నెత్తిన బోనంతో మా వీధిలో నడిచింది. మోకాళ్ళు నొప్పి, అడుగు మెల్లగా పడుతోంది. కాలేజీ పిల్లలు మమ్మల్ని దాటుకుని పోతున్నారు. డప్పులవాళ్ళు మాకోసం దెబ్బ తగ్గించారు. నేను పక్కనే నడుస్తూ, "జర జల్ది నడువు, టైం అయితుంది" అన్నాను.

పిట్ట కుండ కదలకుండా నవ్వింది. "ఇయ్యాల ఎక్కడికీ పోయేది లేదు వదినా, నిమ్మలంగ నడు" అంది. నా చెయ్యి మాత్రం, ఎందుకో, బొడ్డు దగ్గర కుచ్చిళ్ళను తడిమి చూసుకుంది.