వేలు పట్టని మెట్లు

గ్రిల్లు బావ అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కిటికీలకు ఊచలు, గేట్లకు ఇనుప పువ్వులు వెల్డింగు చేసి అమర్చడం అతని పని. నలభై ఆరేళ్ళ వయసు, ముక్కు మీద కోపం, ఇనుము మోసి మోసి అరటిపళ్ళలా బలిసిన వేళ్ళు.

ఒక సంగీతం మాస్టారి ఇంట్లో ఊచలు మారుస్తుండగా అతనికి ఆ పిచ్చి పట్టుకుంది. లోపల పిల్లలు కీబోర్డు మీద ఒకే వరుసను తప్పుల మీద తప్పులతో వాయిస్తున్నారు. పని ముగిసేసరికి ఆ వరుస అతనికి నోటికి వచ్చేసింది. పిల్లలు తప్పినప్పుడల్లా బయట ఇతని చేయి ఆగిపోయేది. ఇంటికొచ్చి, తనూ నేర్చుకుంటానన్నాడు.

భార్య నవ్వలేదు. "కొనుక్కో. చవకలో చూడు" అంది, అంతే. నవ్వింది బావమరిది.

"మొక్కై వంగనిది మానై వంగుతుందా బావా?"

"మాను సంగతి నాకెందుకు? ఇనుమే వంగుతుంది. రోజూ వంచుతున్నాను."

వాయిద్యాల దుకాణం యజమాని కళ్ళద్దాల మీదుగా చూసి "బాబుకా, పాపకా?" అని అడిగాడు.

"నాకే."

యజమాని ముఖం మారలేదు కానీ, పై అర మీదున్న చేయి కింది అరకు దిగింది. రంగు దీపాలు వెలిగే, కుక్క అరుపూ కోడి కూతా వినిపించే చిన్న కీబోర్డు పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. "కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇది చాలండీ. చవక కూడా." గ్రిల్లు బావ నమ్మాడు. ఊచ మందం గురించి తను చెబితే జనం నమ్మడం లేదా, అలాగే నమ్మాడు.

ఇంట్లో ఫోనులో పాఠం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక మెట్టు నొక్కితే పక్క మెట్టూ పలికింది. వేలు నిలువుగా పెట్టి చూశాడు, గోటితో నొక్కి చూశాడు. వారాలు గడిచినా ఒక్క స్వరం ఒంటరిగా పలకలేదు. తప్పు వేళ్ళదే అనుకున్నాడు. అరచేతి కాయల్ని గరుకు రాయితో రుద్దుకుని రక్తం తెచ్చుకున్నాడు. భార్య నూనె రాస్తుంటే చేయి లాక్కుని, "ఇవి చేతులా, చెక్క ముక్కలా?" అన్నాడు.

మైకులూ స్పీకర్లూ బాగుచేసే అక్క ఒకామె, విరిగిన స్టాండు అతికించమని అతని షెడ్డుకు వచ్చింది. స్టాండు కీబోర్డుదే. పని చేస్తూ చేస్తూ, కాస్త సిగ్గుపడుతూనే అడిగాడు: "అక్కా, లావు వేళ్ళవాళ్ళకు ఇది రాదా?"

"నీది ఏది, చూపించు."

మూలనున్న పెట్టె తెచ్చి చూపించాడు. ఆమె మెట్ల మీద తన వేలు ఆనించి చూసింది.

"ఇవి చిన్నపిల్లల మెట్లు తమ్ముడూ. పెద్దవాళ్ళవి ఇంతకంటే వెడల్పుంటాయి. పైగా దీన్ని మెల్లగా నొక్కినా, బాదినా ఒకటే మోత. పెద్ద మెట్లు అరవై ఒకటి ఉండి, నొక్కుడుని బట్టి సవ్వడి మారేది తీసుకోవాలి. వెతికితే అదీ చవకలో దొరుకుతుంది. నీ వేళ్ళకేం, బాగానే ఉన్నాయి."

గ్రిల్లు బావకు అరికాలి మంట నెత్తికెక్కింది. పోయిన డబ్బు గుర్తుకు రాలేదు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన చేతుల్ని తనే తిట్టిపోశాడు, అదీ అతని కడుపుమంట. వెల్డింగు అద్దాలు మెడలో వేలాడుతుండగానే పెట్టె చంకన పెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు.

"నేను పిల్లాడిలా కనిపించానా నీకు?"

దుకాణంలో నలుగురు కొనేవాళ్ళున్నారు. యజమాని గొంతు తగ్గించాడు. "అది కాదండీ. మీ వయసులో ఎన్నాళ్ళు వాయిస్తారు చెప్పండి. నెల తిరక్కుండా మూల పడేస్తారు. మీ డబ్బు మిగులుతుందనే అదిచ్చాను."

పుండు మీద కారం చల్లినట్టయింది.

"మూల పడేస్తానని నువ్వే తేల్చేసి, మూల పడెయ్యక తప్పనిదే అంటగట్టావన్నమాట. రేపు నీ ఇంటికి గేటు కావాలని వస్తే, నువ్వెన్నాళ్ళు బతుకుతావులే అని రేకు ముక్క బిగించి పంపనా?"

ఎవరో దగ్గు వచ్చినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. గ్రిల్లు బావ అరవలేదు, కదలనూ లేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చివరికి యజమాని, అద్దాల బీరువాలో చూపుకి పెట్టిన కీబోర్డు దింపాడు. పక్కన గీత పడింది కానీ మెట్లు పెద్దవి. గ్రిల్లు బావ ఒక్కో మెట్టూ నొక్కి చూసుకున్నాడు. ఒకటి నొక్కితే ఒకటే పలికింది. పాత పెట్టె అక్కడే వదిలి, పైన పడ్డ తేడా డబ్బు బల్ల మీద పెట్టి, రసీదు అడిగి మరీ తీసుకుని బయటికొచ్చాడు.

ఆ సాయంత్రం వాయిస్తుంటే ఇల్లు అదిరింది. వంటింట్లోంచి భార్య అడిగింది: "ఎవర్ని కొడుతున్నావు?"

"నీకు తెలియదులే."

"తెలుసు. కొట్టు, కానీ తలుపేసుకుని కొట్టు."

ఇప్పుడు కుడి చేయి దారిలో పడింది. ఎడమ చేయి ఇంకా మొండికేస్తోంది. దానితో రోజూ షెడ్డు నుంచి రాగానే తగవే. దుకాణం మీదుగా వెళ్తుంటే యజమాని నవ్వు ముఖంతో పలకరిస్తాడు, "ఎంతవరకు వచ్చిందండీ సంగీతం?" అని. గ్రిల్లు బావ సైకిలు ఆపడు.