మూతల్ని నమ్మని మామయ్య

ఎదురింటి మామయ్య పోయారని మా ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను హార్బర్లో పడవ మీద ఉన్నాను. ఓడల అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకే డైవర్ని. అప్పుడే నీళ్ళలోంచి పైకొచ్చి టీ తాగుతున్నాను. "పొద్దున్న అత్త టీ ఇచ్చిందట. గ్లాసట్టుకుని కుర్సీలో అలాగే వాలిపోయారట. తొందరగా వచ్చీండి," అంది. నిజం చెప్పాలి కదా, నాకు ముందు ఏడుపు రాలేదు. మా నాన్న వాచీ ఆయన దగ్గరే ఉండిపోయిందే అనిపించింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఈ వరస తలుచుకుంటే సిగ్గుగా ఉంది, అందుకే మొదటే చెప్పేస్తున్నాను.

పెందుర్తిలో మా ఇంటి గుమ్మానికి ఎదురుగా వాళ్ళ వరండా. చుట్టరికం ఏమీ లేదు, పిలుపుల వల్ల ఆయన మామయ్య, ఆవిడ అత్తయ్య అయ్యారు. ఆయన పంపుహౌసులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఎక్కడ కారుతోందో వెతకడమే జీవితమంతా ఉద్యోగం. రిటైరయ్యాక కూడా ఆ అనుమానం రిటైరవలేదు. గ్యాస్ సిలిండర్ మార్చిన ప్రతిసారీ రెగ్యులేటర్ చుట్టూ సబ్బు నురగ రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. మా అమ్మాయికి కొత్త వాటర్ బాటిల్ కొంటే, లాక్కుని నీళ్ళు నింపి, పేపరు మీద బోర్లించి, పక్కన కూర్చున్నారు. లీకవ్వదని దాని మీదే రాసుందని నేను నవ్వాను.

"రాసినోడు నీళ్ళేటి? నీళ్ళు సదువుకుంటాయేటి? బోర్లించి సూడాల," అన్నారు.

పాపం, బాటిల్ కారింది. ఆ రోజు మామయ్య మొహం చూడాలి, పెళ్ళివారింట్లో భోజనం చేసినట్టు ఉంది.

మా నాన్న కూడా హార్బర్లో డైవరే. ఆయన పోయాక నాకు మిగిలింది ఆ వాచీ. మందపాటి స్టీలు కేసు, ఒళ్ళంతా గీతలు. ఒకసారి సరదాపడి పెట్టుకుని దిగితే, పైకి వచ్చేసరికి అద్దం లోపల ఆవిరి పట్టేసి ముళ్ళు కనపడలేదు. ఆ వాచీతోనే నీళ్ళలోకి దిగాలని నాకు ఒకటే పట్టుదల. బజార్లో వాచీలు బాగుచేసే ఒకతను మెల్లగా నా చెవిలో ఊదాడు.

"బావా, పాతకాలం మెషిన్ ఇది. ఎవరికైనా ఇచ్చావంటే కేసుతో సహా మార్చీసి వేరేది పెట్టేత్తారు. నీకు తెలుస్తాదేటి?"

ఆ మాట నాలో దిగబడిపోయింది. మామయ్యకు చూపిస్తే భూతద్దం పెట్టి అటూ ఇటూ తిప్పారు. "కేసు మంచిదే అల్లుడా. నీళ్ళు ఆపే రబ్బరు రింగు, గాస్కెట్, సచ్చిపోనాది. గీతలు తీసి, కొత్త గాస్కెట్ ఏసి ఇత్తాను. తొందర పెట్టకు," అన్నారు. ఇస్తానన్నాను. ఇచ్చే ముందు ఇంటికి తీసుకెళ్ళి, మా అమ్మాయి కంపాస్ ముల్లుతో, పట్టీ తగిలించే కొమ్ము కింద ఎవరికీ కనపడని చోట చిన్న గీత గీశాను. మార్చేస్తే పట్టుకోవడానికి. మా అమ్మాయి బాటిల్‌కి కాపలా కూర్చున్న మనిషి మీద!

పని ఇంట్లోనే, వరండాలో బల్ల మీద. ముందు వాచీ విప్పి, మెషిన్ని మాత్రల డబ్బాలో పెట్టి మూత బిగించారు. ఖాళీ కేసు అంచులకు టేపు అంటించి, అద్దం పలక మీద తడిపిన గరుకు ఎమెరీ కాగితం పరిచి రుద్దడం మొదలుపెట్టారు. "అటూ ఇటూ రుద్దితే గిన్నె తోమినట్టుంటాది. ఒక్క పక్కకే లాగాల," అనేవారు. ఒక్కో ముఖానికి వారం పట్టింది. నేను రోజూ ఏదో వంకతో వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఒకరోజు తల ఎత్తకుండానే అడిగారు.

"అల్లుడా, కాఫీకి వత్తన్నావా, కాపలాకి వత్తన్నావా?"

"కాఫీకే మావా," అని పెద్దగా నవ్వాను. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వులో ఏముందా అని ఇంటికొచ్చాక కూడా ఆలోచించాను.

నీళ్ళ పరీక్షకు ఆయన సొంత యంత్రం ఉండేది. పాత వాటర్ ఫిల్టర్ తాలూకు గాజులాంటి గిన్నె, దాని మూతకు సైకిల్ పంపు. ఖాళీ కేసులో ఇంకుపెన్నుతో చుక్క పెట్టిన కాగితం ముక్క మడిచి పెట్టి, వెనక మూత బిగించి, నీళ్ళలో ముంచి గాలి కొట్టేవారు. తర్వాత తీసి చూస్తే చుక్క చుక్కలాగే ఉండాలి. మొదటిసారి అలుక్కుపోయింది. కీ ఇచ్చే బుడిపె దగ్గర కారుతోందని పట్టుకుని, "దొరికాడు దొంగ!" అని ఎగిరి గంతేసినంత పని చేశారు. దొంగ అన్న మాటకు నేనెందుకు ఉలిక్కిపడ్డానో నాకే తెలియాలి.

రెండు నెలలు, మూడు నెలలు. "మెషిన్ ఏది మావా?" అని ఒకసారి అడిగేశాను. "పడుకుంది," అని డబ్బా వైపు చూపించారు. మూత మాత్రం తియ్యలేదు. "దుమ్ము పడతాది," అన్నారు. ఆ మూత తియ్యకపోవడం నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆయన మూతల్ని నమ్మేవారు కాదు, నేను మనిషిని నమ్మలేదు. రెండూ ఒకటే అనుకున్నాను అప్పట్లో.

పన్నెండో రోజు భోజనాలయ్యాక అత్తయ్య పిలిచింది. "నీ వాచీ బల్ల మీదే ఉంది బాబూ. ఎవులూ ముట్టుకోనేదు." ఫిల్టర్ గిన్నెలో నీళ్ళు ఎండిపోయి ఉన్నాయి. కేసు చేతిలోకి తీసుకున్నాను. మా నాన్న కొత్తగా కొన్న రోజు అలాగే మెరిసి ఉంటుంది. ఆ మెరుపు చూసి మురిసిపోవాలా? నేను చేసిన మొదటి పని, తిప్పి కొమ్ము కింద చూడటం.

గీత లేదు. నాలుగు కొమ్ములూ చూశాను. నున్నగా ఉన్నాయి. నా చెవులు వేడెక్కాయి. మార్చేశాడు, అనుకున్నాను. పన్నెండు రోజుల క్రితం పోయిన మనిషిని, మనసులో "డు" అన్నాను.

ఆయన స్పానరుతోనే వెనక మూత తిప్పాను. లోపల కాగితం ముక్క ఉంది. విప్పితే ఈసారి చుక్క లేదు, ఆవగింజలంత అక్షరాలున్నాయి. ఒక్క అక్షరం కూడా అలుక్కోలేదు.

"ఏటి రాసినారు?" అంది అత్తయ్య. ఆవిడకు చదువు రాదు.

వేరే ఏదైనా చెప్పేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ చదివాను. "గీత తీసీసినాను అల్లుడా. అందులో ఉప్పు దాక్కుంటాది. వాచీ మీ నాన్నదే."

"ఏటి గీత?"

"నానే గీసానత్తా. మావ వాచీ మార్చేత్తారేమోనని."

 అత్తయ్య లేచి వెళ్ళి మాత్రల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "సూసుకో," అంది.

"అక్కర్లేదత్తా. నాను సూడను."

"సూడు బాబూ. మీ మావుంటే సూడమనీవోరు." ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే చూడమంటోంది.

మూత తీసి డబ్బా మీదికి వంగాను. కళ్ళు నిండిపోయి ఏమీ కనపడలేదు. వెలుతురు చాలలేదనుకుని అత్తయ్య ఆయన బల్ల మీది లైటును నా దగ్గరకు ఇంకొంచెం వంచింది.