బజ్జీల నూనెతో నడిచిన కారం మర

సాయంత్రం మా సందు చివర బజ్జీల బండి వెలిగించగానే, కాగిన నూనె వాసన వాకిలి దాటి లోపలికి వస్తుంది. దారిన పోయేవాళ్లకు ఆకలి పుడుతుంది. నాకు మాత్రం నందిగామలో మా తమ్ముడి ఇంజిన్ చప్పుడు వినిపిస్తుంది. దాని పక్కన విమల మేడం కనిపిస్తారు.

మేడం జగ్గయ్యపేటలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. పుట్టింది రెడ్డిగూడెంలో. జగ్గయ్యపేటలో మాది ఆవిడ పక్కిల్లు. నేనప్పుడు నందిగామ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆవిడ మంచి చీర మడతపెట్టి, పాత నూలు చీర కట్టుకుని పెరట్లో నూనె డబ్బాల ముందు కూర్చునేవారు. హోటళ్లవాళ్లు వాడి పారబోసే నూనెను డీజిల్‌కు బదులు పనికొచ్చేలా మార్చాలని ఆవిడ పట్టుదల. అందులో కలిపే మిథనాల్ విషం, ఆవిరి చప్పున అంటుకుంటుంది కూడా. దాన్ని వంటింటి గడప తొక్కనిచ్చేవారు కారు.

నన్ను ఆ పెరట్లోకి లాగింది మా తమ్ముడు శ్రీను అవసరం. నందిగామలో వాడిది కారం మర. 2004 వేసవిలో, సరిగ్గా కొత్త మిరపకాయలొచ్చే రోజుల్లో కరెంటు కోత మొదలైంది. డీజిల్ కొని నడిపితే వచ్చింది వచ్చినట్టే పోతోందని, మర మూసేస్తానన్నాడు. మేడం తలపెట్టిన ఇంధనం గురించి నేను చెబితే, వెంటనే ఒప్పుకోలేదు.

"అక్కా, నాకున్నది ఒక్క ఇంజిన్. అది పట్టేసిందంటే నేను వీధినపడ్డట్టే. ఆవిడ మీద నీకంత నమ్మకమా?"

ఉందన్నాను.

నూనె, మిథనాల్ ఒకదానితో ఒకటి కలిసి మారాలంటే మధ్యలో ఉత్ప్రేరకం ఉండాలి. మేడం మొదటి విడత కాస్టిక్ సోడాతో చేశారు. తెల్లారేసరికి, నూనెలోంచి విడిపోయి అడుగుకు దిగిన గ్లిజరిన్, దాంతోపాటే పుట్టిన సబ్బుతో కలిసి జున్నులా గడ్డకట్టింది. కుళాయి తిప్పితే చుక్క రాలేదు. గరిటెతో గోకి తీశాం. రెండో విడతకు కాస్టిక్ పొటాష్ తెప్పించమన్నారు. నేను లెక్క వేశాను: సోడా నలభై పాళ్లు పట్టేచోట పొటాష్ యాభైయారు పడుతుంది. పైగా ధర కూడా ఎక్కువే.

"రెండు విధాలా నష్టమే కదా మేడం?"

"ఆ డబ్బా గోకటానికి నీకు పొద్దంతా పట్టింది. అది కూడా లెక్కలో వెయ్యి, లెక్కల టీచరమ్మా," అన్నారు నవ్వుతూ.

పొటాష్‌తో చేస్తే అడుగు గ్లిజరిన్ బెల్లం పాకంలా జారి వచ్చేసింది. అయినా ఆవిడ ఏ రెండు డబ్బాలకూ ఒకే కొలత వెయ్యలేదు. ఎంత ఎక్కువ కాగితే నూనెలో అంత పులుపు, అంటే ఆమ్లం, పుడుతుంది. ఆ పులుపు కొలిచాకే పొటాష్ తూచేవారు. బాగా మాడిన నూనెను, ఉచితంగా ఇచ్చినా సరే, వెనక్కి పంపేవారు.

ఇక శుభ్రం చెయ్యటం. మిగిలిపోయిన సబ్బు పోవాలంటే నీళ్లతో కడగాలని నేను బోరు నీళ్లు పోసి, మజ్జిగ చిలికినట్టు కవ్వంతో చిలికాను. వెన్నలాంటి తెల్లటి తెట్టు కట్టి, ఎంతకీ విడలేదు. మేడం చూసి తల పట్టుకున్నారు.

"సున్నపురాయి మీద కూర్చున్న ఊరు మనది. ఈ నీళ్లకు కందిపప్పే ఉడకదు, సబ్బెలా వదులుతుంది? ఆపైన మజ్జిగ కూడా చేసిపెట్టావు!"

వానాకాలమైతే వాననీళ్లు పట్టేవాళ్లం. మండువేసవిలో ఎక్కడివి? అందుకని ఆవిడ నీళ్లే వద్దనుకున్నారు. మిగిలిన మిథనాల్‌ను ముందుగా వేరుచేసి, పొడవాటి గొట్టంలో ఎండిన రంపపు పొట్టు దట్టించి, ఇంధనాన్ని అందులోంచి నెమ్మదిగా దింపారు. సబ్బు పొట్టుకు అంటుకుంది. కిందికి దిగింది తేనెరంగులో మెరిసింది.

దాన్ని నందిగామ తీసుకెళ్లిన రోజు పొద్దుటే కరెంటు పోయింది. మర ముందు మిరపకాయల మూటలతో జనం. శ్రీను డబ్బా అందుకోబోయాడు. మేడం ఆపి, ఒక సీసాలో కొంచెం ఇంధనం, కొంచెం బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లు పోసి గట్టిగా కుదిపి గట్టు మీద పెట్టారు. రెండూ చక్కగా విడిపోవాలి. విడిపోలేదు, నీళ్లు పాలలా ఉండిపోయాయి.

"ఇంకా సబ్బుంది శ్రీనూ. ఇవాళ పొయ్యటానికి లేదు."

"అద్దంలా ఉంది కదండీ! ఇంతమందిని పొమ్మంటానా?"

"పిన్నిగారూ, మీ పరీక్షలయ్యేసరికి మా కాయలు బూజు పడతాయండీ," అని వరసలోంచి ఎవరో అన్నారు. అంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మేడం మాత్రం చలించలేదు.

"నవ్వనీ శ్రీనూ. పొయ్యను," అని డబ్బాకు మూత బిగించారు.

జగ్గయ్యపేట వచ్చి కొత్త పొట్టు దట్టించి మళ్లీ దింపాం. మర్నాడు మర దగ్గర సీసాలో నీళ్లు నీళ్లుగా, ఇంధనం ఇంధనంగా విడిపోయాయి. అప్పుడు పొయ్యమన్నారు, అదీ సగానికి సగం డీజిల్ కలిపి. ఇంజిన్ అందుకుంది. వీధంతా బజ్జీల వాసన.

"ఏంటి శ్రీనూ, కారం పడుతున్నావా, మిరపకాయ బజ్జీలు వేస్తున్నావా?" అని ముందురోజు వెక్కిరించిన మనిషే అడిగాడు.

మేడం కదల్లేదు. కారం ఘాటుకు తుమ్ముతూ, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, ఇంజిన్ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. శ్రీనుకే జాలేసింది.

"మేడంగారూ, ఇంటికెళ్లండి. బానే నడుస్తోందిగా."

"పొయ్యమన్నది నేను బాబూ. ఆగితే నేనిక్కడుండాలి."

ఇంజిన్ ఆగలేదు. ఆ వేసవిలోనే కాదు, ఆ తర్వాత వేసవుల్లోనూ. మర మూతపడలేదు. వాడి పిల్లల చదువులు దాని మీదే సాగాయి.

మేడం పోయి చాలా ఏళ్లయింది. నాకు కెమిస్ట్రీ పెద్దగా అబ్బలేదు. కానీ రిటైరయ్యేదాకా, మా స్కూల్లో మార్కుల జాబితా గోడకు అంటించిన రోజున అందరూ వెళ్లిపోయినా, నేను ఆ గోడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఏ తండ్రైనా, ఏ తల్లైనా వచ్చి, "మావాడికి ఇంతే ఎందుకొచ్చాయి టీచర్?" అని అడిగితే, ఆ మార్కులు వేసిన మనిషి అక్కడ ఉండేది.