విసుర్రాయి దగ్గర అమ్మ

నేను ఆబిడ్స్‌లో ఒక బడిలో టీచర్‌ని. ఒకసారి మా తరగతి పిల్లలను పాతకాలపు ఇళ్ల మ్యూజియానికి తీసుకెళ్లాం. అక్కడ పిల్లలు వస్తువులను చూడడమే కాదు, చేత్తో తిప్పవచ్చు, దంచవచ్చు. తోడుగా మరో పెద్దమనిషి కావాలంటే, నాంపల్లిలో మాతోనే ఉండే అమ్మను వెంటబెట్టుకెళ్లాను.

మా పిల్లలు విసుర్రాయి తిప్పబోయి జొన్నలన్నీ నేలపాలు చేశారు. చూడలేక అమ్మ కింద కూర్చుని తనే విసరసాగింది. మా వాళ్లు రోకళ్ల వైపు వెళ్లిపోయారు. అంతలో వేరే బడి పిల్లలు వచ్చి అమ్మ చుట్టూ చేరారు. ఆమెను పాతకాలపు వేషం కట్టిన మ్యూజియం ఉద్యోగి అనుకున్నారు.

"అవ్వా, మీరు ఏ కాలం వాళ్లు?" అని ఒక పాప అడిగింది.

"మాది నాంపల్లి, బిడ్డా."

"మీ ఇంట్లో కరెంటు ఉండేదా?"

"ఉంటది, పోతది."

నేను అసలు సంగతి చెప్పబోయాను. "జర ఆగు, పిల్లలు అడుగుతున్రు గదా" అని అమ్మ నన్నే ఆపింది. పాప చేతిని పిడి మీద పెట్టించి, పైన తన చెయ్యి వేసి తిప్పింది. రాయి అంచున పిండి రాలింది. పాప దాన్ని వేళ్లతో తాకి, "వెచ్చగా ఉంది!" అని అరిచింది.

వాళ్ల టీచర్ చప్పట్లు కొట్టింది. "మీ యాక్టింగ్ చాలా సహజంగా ఉందండీ."

"ఏందంటున్నది?" అని అమ్మ నన్నడిగింది.

"మంచిగ ఇసిరినవంటున్నది" అన్నాను.

అమ్మ సంతోషించి ఆ టీచర్‌తో చెప్పింది: "మిక్సీల ఇంకా మంచిగైతది."