ఉప్పు మడుల కోసం సముద్రం దాటిన శ్యామల గారు

శ్యామల గారు ఇక లేరన్న వార్త నాకు సబ్‌వే మెట్ల మీద తెలిసింది. ఏప్రిల్ నెల. నార్త్ యార్క్‌లో రోడ్ల పక్కన నల్లబడిన మంచు కుప్పలు ఇంకా కరగని రోజులు. ఆఫీసుకి వెళ్తూ ఫోనెత్తితే అవతల ఆమె భర్త భాస్కరం గారు. "సంధ్యా, మీ శ్యామల గారు పొద్దున్న లేవలేదమ్మా," అన్నారు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని "డాక్టరుకి చూపించారా అంకుల్?" అని అడిగాను. "అంబులెన్స్ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారమ్మా," అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు మధ్యాహ్నం లంచ్‌రూములో నా ఎదురుగా కూర్చుని, ఇటలీలోని సిసిలీ ద్వీపపు పడమటి తీరాన శరత్కాలపు వానలు ఎప్పుడు మొదలవుతాయో వెతికిన మనిషి ఆమె. అంతటి జిజ్ఞాస నిండిన హృదయం అంత నిశ్శబ్దంగా ఆగిపోగలదని నమ్మడానికి ఈనాటికీ నాకు మనస్కరించడం లేదు.

ఆమెను ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. శ్యామల గారిది శ్రీకాకుళం జిల్లాలో నౌపడ దగ్గరి పల్లె. తండ్రి అక్కడి ఉప్పు కొఠారులో గుమాస్తా. పెళ్ళయ్యాక భాస్కరం గారితో కెనడా వచ్చి, టొరంటోలోనే స్థిరపడ్డారు. నేను నల్లగొండ నుంచి వచ్చి, బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ కాలేజీ ముగించి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆమే. మాది ట్రావెల్ క్లెయిముల విభాగం. లోకంలో ప్రయాణికులకు ఎన్ని ఆపదలు రావచ్చో అన్నీ మా బల్ల మీదికి వస్తాయి. పోయిన సూట్‌కేసులు, విరిగిన కాళ్ళు, పరాయి దేశపు ఆసుపత్రులు. చేరిన కొత్తలో నాకు భయమేసి, "ఇవన్నీ చదివాక ఎక్కడికైనా వెళ్ళబుద్ధి అవుతుందా శ్యామల గారూ?" అన్నాను. ఆమె నవ్వి, "పడినవాళ్ళే మనకి రాస్తారు సంధ్యా. హాయిగా తిరిగొచ్చినవాళ్ళు మనకెందుకు రాస్తారు? వాళ్ళ లెక్క మన దగ్గర లేదు, అంతే," అన్నారు. ఆ ఒక్క మాటతో నా ఉద్యోగమే నాకు కొత్తగా కనిపించింది.

ఆమె సిసిలీ ప్రయాణానికి అంకురం పడింది పళ్ళ డాక్టరు దగ్గర. వెయిటింగ్ రూములో ఒక పాత పత్రిక తిరగేస్తుంటే ట్రాపనీ అనే ఊరి దగ్గరి ఉప్పు మడుల ఫోటో కనిపించిందట. నిస్తరంగమైన నీటి మడులు, వాటి నడుమ గాలిమరలు, దూరంగా రాజహంసల గుంపు, గట్ల వెంట తెల్లటి ఉప్పు రాశులు. ఆ రాశుల మీద ఎర్రటి మట్టి పెంకులు వరసగా కప్పి ఉన్నాయి. మర్నాడు ఆఫీసుకి రాగానే నన్ను పక్కకి పిలిచారు. "మా ఊళ్ళో తాటాకులు కప్పేవారు. వీళ్ళు ఇంటికి నేసినట్టు పెంకులు నేశారు. రాశి మీద ఒక్కో పెంకూ జారకుండా ఎలా నిలుస్తుంది? ఉప్పు తీయాల్సినప్పుడల్లా అవన్నీ విప్పుతారా?" నాకేం తెలుస్తుంది? ఇంటర్నెట్‌లో చూడమన్నాను. "చూశాను. అందరూ అందంగా ఉందని రాశారు గానీ ఎలా కప్పుతారో ఒక్కరూ రాయలేదు. వెళ్ళి అడగాలి," అన్నారు. ఒక ప్రశ్న కోసం సముద్రం దాటాలనుకునే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

వెళ్తే ఒంటరిగానే వెళ్ళాలనీ అప్పుడే నిశ్చయించుకున్నారు. అంతకు ముందు భర్తతో కలిసి యూరప్ గ్రూప్ టూరు ఒకటి చేశారు. ఎక్కడ ఏ ముసలామెతో మాట కలిపినా బస్సు హారన్ వినబడేదట. "అన్ని ఊళ్ళూ చూశాను, ఒక్క ఊరితోనూ మాట్లాడలేదు," అనేవారు. ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు పెద్ద గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటేనే నయమనిపించేది. కూతురు నిత్య మాత్రం, "అమ్మా, వాట్ ఇఫ్ యూ ఫాల్?" అని అడిగింది. "పడితే లేస్తాను. లేవలేకపోతే మా ఆఫీసుకే క్లెయిమ్ పంపిస్తాను," అన్నారీమె. భాస్కరం గారు నవ్వలేదు. "నాతో రావడం ఇష్టం లేదా?" అని ఒక్కటే అడిగారట. దానికి ఆమె ఇచ్చిన జవాబు తర్వాత నాకు చెప్పారు. "మీరు పక్కనుంటే నేను మిమ్మల్నే చూస్తూ ఉంటానండీ. ఆకలేసిందా, కాళ్ళు లాగుతున్నాయా, ఎండ తగులుతోందా అని. ముప్పై ఏళ్ళుగా అదే అలవాటు. ఒక్కసారి ఆ ఊరిని మాత్రమే చూడాలని ఉంది." ఆ తర్వాత ఆయన ఆ ప్రయాణం మాట ఎత్తడం మానేశారు.

ఈమె మాత్రం ఆగలేదు. ఆ చలికాలమంతా మా లంచ్‌రూము ఒక చిన్న పరిశోధనాలయమైంది. లైబ్రరీలో సాయంత్రం నడిచే ఇటాలియన్ క్లాసులో చేరి, లిఫ్టులో నాతో ఇటాలియన్‌లో వాతావరణం మాట్లాడేవారు. నేను తెలుగులో బదులిచ్చేదాన్ని. ఖర్చు తగ్గించుకోవడం ఆమెకు సంకటం కాదు, ఒక క్రీడ. జూలైలో బీచి ఊళ్ళ ధరలు మండిపోతాయి గనక, కాస్త లోపలికి ఉన్న పేటలో గది వెతికారు. అక్కడి పెద్ద నగరం పాలెర్మోలో సన్యాసినుల కాన్వెంటులో అతిథులకు గదులిస్తారని కనిపెట్టి, వాళ్ళకు స్వయంగా ఇటాలియన్‌లో ఈమెయిల్ రాశారు. సముద్రం కనబడే గది తీసుకోమని నేను సలహా ఇస్తే, "దానికి వేరే ధర ఎందుకు? నాలుగడుగులు నడిస్తే సముద్రం ఊరికే కనబడుతుందిగా," అన్నారు. మధ్యాహ్నం ఊరంతా తలుపులు వేసుకుని నిద్రపోతుందని చదివి ఎంత సంబరపడ్డారో. "అచ్చం మా నౌపడే. ఆ పూట నేనూ పడుకుంటాను. ఎండలో తిరిగేది టూరిస్టులే," అన్నారు, తాను ఆ జాతి కాదన్నట్టు.

నిరుడు మార్చిలో ఒక వింత పని చేశారు. ఒక్క సంచీ భుజాన వేసుకుని, రైలెక్కి ఒంటరిగా సరిహద్దు ఊరు విండ్సర్ వెళ్ళారు. అక్కడ తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. అందుకే వెళ్ళారు. "కారు లేకుండా విండ్సర్‌లో తిరగగలిగితే భూమ్మీద ఎక్కడైనా తిరగొచ్చు," అని ఆమె సిద్ధాంతం. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగాను. బస్సుల కోసం చలిలో నిలబడటం కష్టం కాలేదట. నది అవతల డెట్రాయిట్ దీపాలు చూస్తూ ఒంటరిగా కూర్చోవడమూ బాగానే ఉందట. "కానీ హోటల్ గుమ్మం దాకా వెళ్ళి లోపలికి అడుగు పెట్టలేకపోయాను సంధ్యా. ఒక్కదాన్నీ టేబుల్ దగ్గర కూర్చుని తినడం అంటే ఎందుకో సిగ్గేసింది. గదికి వచ్చి బిస్కట్లు తిని పడుకున్నా. ఇన్నేళ్ళొచ్చాక నాకు దేనికి భయమో ఇప్పుడు తెలిసింది," అన్నారు. ఆమె గొంతులో నిరాశ లేదు. కొత్త విషయం తెలిసినందుకు ఆశ్చర్యం ఉంది. మర్నాడు వెళ్ళి అదే హోటల్లో, అద్దం పక్క టేబుల్ అడిగి మరీ కూర్చుని తిన్నారట.

విండ్సర్ నుంచి వచ్చిన కొన్నాళ్ళకు భాస్కరం గారు ఆ మాట ఎత్తారు. కాఫీ తాగుతూ, ఆమె వైపు చూడకుండానే, "నువ్వు ట్రాపనీ నుంచి ఉప్పు మడులకి వెళ్దామనుకుంటున్న బస్సు ఆదివారం లేదు శ్యామలా. సోమవారానికి మార్చుకో," అన్నారు. అంటే ఇన్నాళ్ళూ ఆయన తన గదిలో కూర్చుని ఆ బస్సుల వేళలన్నీ చదువుతూనే ఉన్నారన్నమాట. ఈ సంగతి నాకు చెబుతూ శ్యామల గారు కళ్ళు తుడుచుకున్నారు. నాకు తెలిసి ఆ ప్రయాణం గురించి ఆమె కన్నీరు పెట్టింది ఆ ఒక్కసారే.

ఆ ఏడు జూలైలో వెళ్ళారు. పాలెర్మోలో కాన్వెంటు గది, వీధిలో నూనెలో వేయించి అమ్మే శనగపిండి అట్టుముక్కల్ని రొట్టె మధ్య పెట్టి తినడం, అన్నీ అనుకున్నట్టే సాగాయి. ట్రాపనీ దాటి ఉప్పు మడుల ఊరికి చేరిన మర్నాడే బస్సుల సమ్మె మొదలైంది. ముందుకు వెళ్ళాల్సిన రైలు టికెట్ వృథా అయింది. గది గడువు ముగిసింది. ఎండ పేల్చేస్తోంది. ఊళ్ళో ఇంకో గది ఖాళీ లేదు. ఆమె ఇంటికి ఫోన్ చేసి చెబితే, భాస్కరం గారు వెంటనే నాకు చేశారు. మేమిద్దరం ఇక్కడ కంగారు పడుతుంటే, ఆమెకు గది అద్దెకిచ్చిన కార్మెలా అనే వృద్ధురాలు, "గది వేరేవాళ్ళకి ఇచ్చేశాను, కానీ నా మంచం పక్కన ఇంకో మంచం పడుతుంది," అని తన సొంత ఇంట్లోకి తీసుకుపోయింది. భర్త పోయి, పిల్లలు మిలాన్‌లో ఉన్న మనిషి.

ఆ ఇంట్లో గడిపిన రోజుల గురించి శ్యామల గారు చెబుతుంటే లంచ్‌రూములో మా అన్నాలు చల్లారిపోయేవి. కార్మెలా గోధుమరవ్వను చేత్తో నలిపి, ఆవిరి మీద ఉడికించి, మీద చేపల పులుసు పోసిందట. "ఉప్మా మీద పులుసు పోసినట్టే. పులుపు మాత్రం లేదు." సంచీలో చింతపండు కూడా పట్టుకెళ్ళారు గనక, మర్నాడు ఈమె మన చేపల పులుసు పెట్టారు. కార్మెలా ఒక ముద్ద తిని, చెంచా కింద పెట్టి, గిన్నెలోకి తొంగి చూసి, ఈ పులుపు ఏ చెట్టుదని అడిగిందట. ఇద్దరిదీ ఒకే రకం బుద్ధి. సమ్మె సాగినన్నాళ్ళూ పొద్దున చల్లటి వేళలో మడుల గట్ల మీద నడిచారు. తీరా అక్కడ రాశుల మీద ఒక్క పెంకూ లేదు. అది ఉప్పు తీసే కాలం. రాశులు బోడిగా మెరుస్తున్నాయి, పెంకులు పక్కన పేర్చి ఉన్నాయి. వానలకు ముందు కప్పుతామనీ, చూడాలంటే అప్పుడు రమ్మనీ అక్కడివాళ్ళు చెప్పారు. అంత దూరం వెళ్ళి చూడలేకపోయారే అని నేను బాధపడితే, "అదే మంచిదైంది. మళ్ళీ వెళ్ళడానికి కారణం దొరికింది," అన్నారు. ఈ సెప్టెంబరుకి టికెట్ కొనబోతూ ఉండగానే ఆమె వెళ్ళిపోయారు.

ఆమె లేని మా విభాగంలో ఇప్పుడు పని సజావుగానే జరుగుతోంది. క్లెయిములు వస్తున్నాయి, వెళ్తున్నాయి. కానీ ఒక చిత్రమైన విషయం ఎదురైతే కుర్చీ తిప్పి "ఇది విన్నావా?" అనేవాళ్ళు లేరు. విద్వత్తు గలవారు మనలో చాలామంది ఉన్నారు. తెలియదని ఇంత సంతోషంగా ఒప్పుకుని, తెలుసుకోవడానికి ఇంత దూరం నడిచే వినయసంపన్నులు అరుదు. ఆ సహృదయకు, నాకు వృత్తిలో గురువైన ఆమెకు, శిరసు వంచి అంజలి ఘటిస్తున్నాను.

కర్మకాండలు ముగిశాక ఒక ఆదివారం ఉదయం భాస్కరం గారు నన్ను ఇంటికి రమ్మన్నారు. శ్యామల గారి టాబ్లెట్ డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నారు. "ఆదివారం ఈ వేళకి కార్మెలాతో మాట్లాడేది. రెండు వారాలుగా ఆవిడే చేస్తోంది, నేను ఎత్తలేదు. చెప్పాలి కదమ్మా. ఒక్కణ్ణీ చెప్పలేను," అన్నారు. నొక్కారు. తెర మీద వంటింట్లో నిలబడి ఉన్న ముసలామె ముఖం వెలిగింది. "షామలా," అంటూ ఏదో చెప్పబోయి, భాస్కరం గారిని చూసి ఆగింది. ఆయన పక్కన నన్ను చూసింది. మా వెనక గోడ వైపు, దండ వేసిన ఫోటో వైపు చూసింది. ఎవరూ ఏ భాషలోనూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆవిడ కుర్చీ లాక్కుని కూలబడి, కొంగులాంటి ఏప్రన్ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తెరకి దగ్గరగా జరిగి, భాస్కరం గారితో మెల్లగా ఇటాలియన్‌లో ఒక మాట అంది. ఆయన తల ఊపారు. ఇంకోసారి అంది. ఆయన మళ్ళీ తల ఊపారు.

ఫోన్ పెట్టేశాక, "ఏమందమ్మా?" అని నన్నడిగారు.

"తెలీదు అంకుల్. ఆ మాట ఫోన్‌లో పలికి అర్థం వెతుకుదామా?"

"ఎలా పలికిందో నాకు గుర్తులేదు. నీకు?"

నాకూ లేదు. ఆయన టాబ్లెట్ తెర నల్లబడేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నారు.

"శ్యామలైతే మళ్ళీ అడిగి ఉండేది," అన్నారు.